శివారు చేలల్లో వరి రకాల ఎంపిక: నా అనుభవం

కొత్త వరి రకం మంచిదో కాదో తేల్చడానికి పరిశోధన కేంద్రాలకు ఒక పద్ధతి ఉంది. ముందు తమ పొలంలో పండించి, తర్వాత కొద్ది కొద్ది విత్తనం చిరుసంచుల్లో ఇచ్చి రైతుల పొలాల్లో వేయించి, దిగుబడి తూచి, తెగుళ్లు గమనించి విడుదలకు పంపుతాయి. ఆ పద్ధతి మీద నాకు గౌరవం ఉంది. 1925లో మొదలైన మారుటేరు వరి పరిశోధన కేంద్రం లేకపోతే గోదావరి డెల్టా వ్యవసాయం ఇలా ఉండేది కాదు. అయితే విడుదలైన రకాలన్నీ రైతు ఇంటికి చేరవు. కొన్ని రెండు మూడేళ్లు కనిపించి మాయమవుతాయి. 1982లో మారుటేరు నుంచి వచ్చిన స్వర్ణ, అంటే ఎంటీయూ 7029, నలభై ఏళ్లు దాటినా ఇంకా చేలల్లో ఉంది. రెండెకరాలు కౌలుకు చేసే మనిషి ఏ లెక్కన ఒక రకాన్ని ఒప్పుకుంటాడు, ఏ లెక్కన వద్దంటాడు? ఆ లెక్క తెలుసుకోవాలని కోనసీమ శివారు ఊళ్లలో చిన్న రైతులతో కలిసి ఒక సార్వా (వానాకాలం) పంట పొడుగునా, ఆకుమడి మొదలు అన్నం వండేదాకా, వరి రకాలను పక్కపక్కన పెట్టి చూశాం. మా చిన్న బృందంలో నా పని రైతులతో మాట్లాడడం, చేలు చూడడం, రాసిపెట్టడం. అప్పుడు రాసుకున్న పుస్తకాలు ముందేసుకుని ఇది రాస్తున్నాను.

శివారు భూముల సంగతి తెలియని వాళ్లకు కొంత చెప్పాలి. ధవళేశ్వరం దగ్గర కాటన్ కట్టించిన ఆనకట్ట 1852లో పూర్తయింది. అక్కడి నుంచి బయల్దేరిన కాలువ నీళ్లు ఉప్పలగుప్తం, అల్లవరం, కాట్రేనికోన వైపు సముద్రానికి దగ్గరగా ఉన్న చేలకు అందరికంటే ఆలస్యంగా వస్తాయి. వానలు పడితే మాత్రం పైనున్న అందరి నీళ్లూ వీళ్ల మీదుగానే సముద్రంలోకి పోవాలి. మురుగు కాలువలు పూడిపోయి, గుర్రపుడెక్క అల్లుకుని ఉంటాయి. సముద్రం పోటు మీద ఉంటే నీళ్లు లాగవు. 2011 సార్వాలో కోనసీమ రైతులు పంట విరామం ప్రకటించి చేలు బీడు పెట్టినప్పుడు, ధర గిట్టకపోవడంతో పాటు ఈ ముంపు బాధ కూడా వాళ్ల గోడులో ఉంది. అందుకే మొదటి సమావేశంలో ఒక పెద్దాయన నన్ను సూటిగా అడిగారు: "అమ్మాయ్, విత్తనం మార్చితే మురుగు కాలువ తవ్వినట్టు అవుతుందా?" అవ్వదని చెప్పాను. కాలువ తవ్వేలోపు ఏ రకమైతే తక్కువ నష్టపోతామో చూసుకుందాం, కాలువ కోసం అడగడం మాత్రం మానవద్దు అన్నాను. ఆ మాట ముందుగా అనుకున్నాకే పని మొదలైంది.

విత్తనం పట్టుకుని ఊళ్లోకి వెళ్లకూడదని మేం ముందే నిర్ణయించుకున్నాం. చేలు ఎండి ఖాళీగా ఉన్న మే నెలలో ఖాళీ చేతులతోనే వెళ్లి కూర్చున్నాం. రామాలయం అరుగు దగ్గరికి మగవాళ్లు వచ్చారు. ఆడవాళ్లు అక్కడికి రారు, వచ్చినా నోరు విప్పరు. అందుకని సాయంత్రం వేళ పేటలో, ఊడ్పు ముఠా నడిపే అక్క ఇంటి ముందు విడిగా కూర్చున్నాం. రెండు చోట్లా నేల మీద సుద్దతో గళ్లు గీసి, మంచి వరికి ఉండవలసిన గుణాలు వాళ్ల చేతే చెప్పించి, ఒక్కో గుణానికి ఎన్ని చింతగింజలు పెడతారో పెట్టమన్నాం.

మగవాళ్లు ఎక్కువ గింజలు పెట్టింది చేను పడిపోకుండా నిలబడడానికి. తర్వాత దోమపోటుకు, అంటే దోమ రసం పీల్చి చేను ఎండిపోవడానికి, తట్టుకోవడానికి. ఆ తర్వాత పంటకాలానికి. సార్వా కోత ఆలస్యమైతే దాళ్వా (రెండో పంట) ఊడ్పులు వెనకబడతాయి. ఏప్రిల్‌లో కాలువలు కట్టేస్తే పొట్ట మీద ఉన్న చేనుకు తడి ఉండదు. స్వర్ణ పంటకాలం 145 నుంచి 150 రోజులు. ఆలస్యంగా నీళ్లు వచ్చే శివారులో ఆ రోజులు సర్దుకోవడమే పెద్ద పని.

పేటలో గళ్లు వేరుగా పడ్డాయి. నారు పీకేటప్పుడు వేరు తెగకుండా రావాలి. గడ్డి గేదె తినేలా మెత్తగా ఉండాలి. మర పట్టిస్తే నూక తక్కువ పడాలి. రాత్రి మిగిలిన అన్నం పొద్దున చద్దికి పనికిరావాలి. వాళ్లలో చాలామంది కూలికి వెళుతూనే ఎకరమో, ఎకరంన్నరో కౌలుకు చేస్తారు. వాళ్లు చెప్పేదాకా నా జాబితాలో లేని గుణం ఒకటి బయటికి వచ్చింది. కౌలు కింద భూమి యజమానికి కొలిచే బస్తాలు ఆయన ఒప్పుకునే రకమై ఉండాలి. ఆయన వద్దన్న రకం పండిస్తే దాన్ని అమ్మి, ఆయన అడిగిన ధాన్యం కొని కొలవాలి. ఆ తేడా కౌలుదారు నెత్తిన పడుతుంది.

దిగుబడికి రెండు చోట్లా తక్కువ గింజలే పడ్డాయి. ఎందుకని అడిగితే ఊడ్పు ముఠా అక్క చెప్పిన మాట నా పుస్తకంలో అలాగే ఉంది: "చేలో పండిందాన్ని ఏం లెక్కపెడతామమ్మా, ఇంటికి చేరిందే లెక్క."

ఆ గుణాలను దగ్గర పెట్టుకుని ఎనిమిది రకాలు తెచ్చాం. కొన్ని విడుదలైనవి, కొన్ని ఇంకా పరీక్షలో ఉన్నవి. పేర్లు చెబితే ముందే అభిప్రాయాలు ఏర్పడతాయి కాబట్టి ఒక్కో రకానికి ఒక రంగు రిబ్బను కట్టి ఆ రంగు పేరుతోనే పిలిచాం. పోలిక కోసం స్వర్ణను కూడా వాటిలో కలిపేశాం, నీలం రిబ్బనుతో. స్వర్ణకే మునకను తట్టుకునే గుణం కలిపిన స్వర్ణ సబ్1కు ఊదా రిబ్బను. మిగతా వాటి అసలు పేర్లు ఇక్కడ రాయడం లేదు. కొన్ని ఊళ్లలో ఒక్క సార్వా ఫలితం చూసి ఎవరూ విత్తనం కొనకూడదు. అందుకు కనీసం మూడు సార్వాలు చూడాలని నా అభిప్రాయం.

పరీక్ష రెండు అంచెల్లో పెట్టాం. ఊరికి ఒక చోట, ఒకే రైతు చేలో, ఎనిమిది రకాలనూ ఒకే ఎరువుతో, ఒకే రోజు నాటించి, ప్రతి రకాన్ని మూడు మళ్లలో చల్లాచెదురుగా వేయించాం. మెరకలో ఉన్న మడి, పల్లంలో ఉన్న మడి ఒకే రకానికి పడకుండా ఉండడానికి ఆ జాగ్రత్త. దీన్ని రైతులు "పెద్ద మడి" అన్నారు. రెండో అంచెలో ఒక్కో రైతుకు మూడే రకాలు, ఒక్కోటి ఐదు సెంట్లలో, వాళ్ల సొంత పద్ధతిలో, తాము ఎప్పుడూ వేసే రకం పక్కనే. ఎవరికి ఏ మూడు అన్నది చీటీలు తీసి ఇచ్చాం. ఎనిమిదీ ఒక చిన్న రైతు మీద రుద్దితే చూడలేరు, గుర్తుపెట్టుకోలేరు. మూడైతే ఏది మేలు, ఏది నాసి అని తడుముకోకుండా చెబుతారు. అలా చాలామంది చెప్పిన మూడేసి పోలికలను కలిపితే ఎనిమిదింటి వరుస బయటపడుతుంది. ఈ మూడేసి రకాల పద్ధతిని వేరే దేశాల్లోనూ, మన దేశంలో గోధుమకూ వాడారు. మన కౌలు రైతుకు ఇది సరిగ్గా సరిపోతుంది. ఐదు సెంట్లు పోయినా ఏడాది తిండి పోదు.

ఎకరా ఊడ్పుకు ఇరవై నుంచి ఇరవై ఐదు కిలోల విత్తనం చాలు కాబట్టి ఐదు సెంట్లకు కిలోంపావు పొట్లం సరిపోయింది. అసలు కష్టం ఆకుమడి నుంచి చేలోకి మారేటప్పుడు. అట్టముక్కల గుర్తులు వానకు నాని పోతాయి. రంగు వేసిన వెదురు పుల్లలు పిల్లలు పీక్కుపోతారు. ముఠా ఆడవాళ్లే దారి చూపించారు. నారు కట్టలను రిబ్బను రంగు దారంతోనే కట్టి, ఒక మడి పూర్తయ్యేదాకా రెండో రంగు కట్ట గట్టు మీదికి రానివ్వలేదు. ఈ పనికి మామూలు కూలి మీద కొంచెం ఎక్కువ ఇచ్చాం, ఇవ్వాలి కూడా. రకాలు కలగలిసిపోతే ఏడాది శ్రమ వృథా. అది కలవకుండా కాపాడింది వాళ్ల చేతులే.

ఊడ్పులయ్యాక మూడు వారాలు గడిచేసరికి అల్పపీడనం వచ్చింది. మూడు రోజుల వాన, పైనుంచి వచ్చిన నీళ్లు, సముద్రం పోటు, అన్నీ ఒకేసారి. కొన్ని చేలు పైరు కొన కూడా కనబడకుండా మునిగాయి. కొన్నిటిలో మోకాలికి కొంచెం కింద నీళ్లు నిలిచి వారాల తరబడి కదల్లేదు. చెప్పడానికి నాకే బాధగా ఉంది కానీ, మా పరీక్షకు ఇంతకంటే నిజమైన పరిస్థితి దొరకదు.

నీళ్లు తీశాక చేల వెంట తిరిగినప్పుడు చూసింది మరచిపోలేను. పూర్తిగా మునిగిన ఒక చేలో నీలం మడి పసుపుపచ్చగా వాలిపోయి, చేయి పెడితే ఆకు కుళ్లి ఊడి వచ్చింది. పక్కనే ఊదా మడి పొట్టిగా, బురద పూసుకుని, నిలబడి ఉంది. వారం తిరిగేసరికి దానికి కొత్త ఆకు వచ్చింది. ఈ రెండూ దాదాపు ఒకే రకం. మామూలు వరి నీటిలో మునిగితే గాలి కోసం పైకి సాగుతుంది. ఆ సాగడంలో తన బలమంతా ఖర్చు చేసుకుని, నీళ్లు తీశాక నిలబడలేక చస్తుంది. ఒడిశాకు చెందిన ఎఫ్‌ఆర్13ఏ అనే పాత రకంలో ఉన్న సబ్1ఏ జన్యువు మునిగినప్పుడు మొక్కను సాగనివ్వదు. కదలకుండా ఉండి, నిలవ చేసుకున్న శక్తిని దాచుకుని, నీళ్లు తీశాక మళ్లీ పెరుగుతుంది. ఆ గుణాన్ని స్వర్ణలోకి తెచ్చి చేసిన స్వర్ణ సబ్1 మన దేశంలో 2009లో విడుదలైంది. రెండు వారాల దాకా మునకను తట్టుకుంటుంది.

నేను ఇది సంబరంగా చెబుతుంటే, నీళ్లు నిలిచిపోయిన చేల రైతులు నన్ను ఆపారు. "మాది మునక కాదండి, నిలవ నీరు" అన్నారు. వాళ్ల చేలకు తీసుకెళ్లి చూపించారు. అక్కడ నీలం, ఊదా రెండూ ఒకలాగే ఉన్నాయి, పిలకలు తక్కువేసి, సన్నగా. సబ్1 గుణం పూర్తి మునకకు, అదీ కొద్ది రోజులకు పనిచేస్తుంది. అర మీటరు లోతు నీళ్లు నెలకు పైగా నిలిస్తే సాగకుండా ఉండడం వల్ల మేలు లేదు, అక్కడ కొంచెం ఎత్తు పెరిగే మొక్కే కావాలి. పుస్తకాల్లో ఈ తేడా ఉంది. అయితే వరద తట్టుకునే రకం అని ఒకే పేరు పెట్టి ఊళ్లోకి పంపితే నిలవ నీటి రైతు మోసపోతాడు. ఏ చేను మునుగుతుందో, ఏ చేలో నీరు నిలుస్తుందో గట్టు గట్టుకూ తెలిసిన వాళ్లు ఉండగా, ఆ సంగతి అడగకుండా విత్తనం పంచడం అన్యాయం. అప్పటి నుంచి ప్రతి రైతు కాగితం మీద మునక ఎన్ని రోజులు, నిలవ ఎన్ని రోజులు అని రెండు గళ్లు విడిగా రాయించాం.

నిలవ నీటి చేలల్లో తెలుపు రిబ్బను రకం ఎత్తుగా పెరిగి బాగుంది. పసుపు రిబ్బనుది మధ్యస్థ ఎత్తు, కాండం గట్టి, పిలకలు ఫర్వాలేదు. పెద్ద మళ్లు ఉన్న మెరక చేలల్లో మాత్రం ఎరుపు రిబ్బను రకం అందరి కళ్లూ లాగింది. పెద్ద కంకులు, నిండు గింజ.

కంకులు పండి వంగిన సమయంలో ఓటింగు పెట్టాం. దీని గురించి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఇది సరిగా చేయకపోతే ఊళ్లో పెద్ద గొంతు ఎవరిదో అదే ఫలితమవుతుంది. పెద్ద మడి దగ్గర ప్రతి రకం ముందు మూతి కట్టిన చిన్న కుండ పెట్టాం, చేయి పట్టేంత రంధ్రంతో. ఒక్కొక్కరికి రెండు చింతగింజలు, రెండు గులకరాళ్లు. నచ్చిన రెండింటికి గింజలు, వద్దనుకున్న రెండింటికి రాళ్లు. ముందు అందరూ మౌనంగా చేలన్నీ తిరగాలి. తర్వాత ఒక్కొక్కరుగా వెళ్లి వేయాలి. ఆడవాళ్లు ముందు వేశారు, వాళ్లవి లెక్కపెట్టి కుండలు ఖాళీ చేశాక మగవాళ్లు వేశారు. గింజల్లోంచి రాళ్లు తీసేసి, పడిన మొత్తంతో భాగిస్తే ఆ రకానికి వచ్చిన మొగ్గు తెలుస్తుంది. అయితే ఆ అంకె కంటే తర్వాత జరిగిన మాటల విలువే ఎక్కువ. కుండలు కుమ్మరించి, "ఈ రాళ్లు ఎందుకు పడ్డాయి?" అని అడిగితే అప్పుడు నోళ్లు విచ్చుకున్నాయి.

ఎరుపుకు మగవాళ్ల గింజలు కుండ నిండా పడ్డాయి. ఆడవాళ్లవి సగం రాళ్లే. గింజ చేత్తో దూస్తే సులువుగా రాలిపోతోంది, కోత రెండు రోజులు ఆలస్యమైతే చేలోనే పోతుందని వాళ్ల అనుమానం. తెలుపుకు తలకిందులు. మగవాళ్లు పడిపోతుందని రాళ్లు వేశారు, ఆడవాళ్లు గడ్డి కోసం గింజలు వేశారు. కోత యంత్రం కిందపడ్డ గడ్డి నలిగి, ముక్కలై, బురద అంటుకుని గేదెలకు పనికిరాదు. చేత్తో కోసిన పొడుగు గడ్డి పాలిచ్చే గేదె ఉన్న ఇంటికి సగం బతుకు. నీలం మడి దగ్గర అందరూ నవ్వారు. గింజకు బంగారు రంగు తిరిగేసరికే అది స్వర్ణ అని ఊరంతా గుర్తుపట్టేసింది. మరి ఊదా? సబ్1 గుణంతో పాటు గింజ పైపొట్టు రంగు కూడా మారింది. స్వర్ణలాగా బంగారు రంగులో కాకుండా మామూలు గడ్డి రంగులో ఉంటుంది. అది స్వర్ణ తమ్ముడే అని ఎవరూ పోల్చుకోలేదు. ఈ రంగు సంగతి తర్వాత మళ్లీ ఎదురైంది.

కోతలకు ముందు మళ్లీ వాన పట్టుకుంది. నవంబరు వానలు డెల్టా రైతుకు కొత్త కావు, 1996 నవంబరు తుపాను మాట ఎత్తితే కోనసీమలో ఇప్పటికీ పెద్దవాళ్ల ముఖాలు మారతాయి. తెలుపు రకం చాలా చోట్ల పడుకుంది. ఎరుపు నిలబడింది కానీ, తడిసిన కంకుల మీదే మొలక వచ్చింది. గింజ పండాక కొన్నాళ్లు మొలకెత్తకుండా ఆగే గుణం దానికి లేదు. సార్వా రకానికి రెండు మూడు వారాలైనా ఆ నిద్ర ఉండాలి. దీన్ని ఎవరైనా ఇంట్లోనే చూసుకోవచ్చు. కోసిన రోజే వంద గింజలు లెక్కపెట్టి తడిగుడ్డలో చుట్టి, ఆరకుండా చూస్తూ, వారం తర్వాత మొలకలు లెక్కపెట్టడమే. మేం ప్రతి రకానికీ చేశాం. రైతులు ఆ గుడ్డలు విప్పేటప్పుడు చుట్టూ గుమిగూడారు. పసుపుకు మొలకలు వేళ్ల మీద లెక్కపెట్టేటన్ని వచ్చాయి. ఎరుపుది గుడ్డ నిండా తెల్లగా ఉంది.

దిగుబడి మామూలుగా కొలిచే పద్ధతిలోనే కొలిచాం. మడి మధ్యలో ఐదు మీటర్ల పొడవు, ఐదు మీటర్ల వెడల్పు చదరం తాడుతో కట్టి, అందులోది కోసి, నూర్చి, తూచి, తేమ చూసి, 14 శాతం తేమకు సరిచేశాం. ఆ చదరంలో పద్నాలుగు కిలోలు వస్తే ఎకరాకు దాదాపు ముప్పై బస్తాలు, బస్తా 75 కిలోల లెక్కన. ఈ లెక్క రైతుల చేతే వేయించాం, తూకం పట్టుకున్నదీ వాళ్లే. పెద్ద మళ్లలో ఎరుపే మొదట నిలిచింది. పల్లపు చేలల్లో పసుపు దాన్ని దాటింది. ఒక్క పెద్ద మడినే నమ్ముకుని ఉంటే ఎరుపును మెచ్చుకుని ఇంటికి వచ్చేవాళ్లం.

తర్వాత మిల్లు. ధాన్యం కొనే దళారి గింజలు అరచేతిలో వేసుకుని రెండు చేతులతో నలిపి, ఊది, బియ్యం చూసి ధర చెబుతాడు. ఊదా రకాన్ని చూడగానే, "ఇది స్వర్ణ కాదు" అని బస్తాకు కొంత తగ్గించి చెప్పాడు. పొట్టు తీశాక బియ్యంలో తేడా కనిపెట్టలేకపోయాడు. అయినా ధర మారలేదు. మునకను తట్టుకున్న గింజకు బయటి రంగు వల్ల ధర తగ్గడం నాకు చాలా కష్టంగా అనిపించింది. మద్దతు ధరలో సన్నం, దొడ్డు తేడా పెద్దగా లేదు. 2025-26లో సాధారణ రకానికి క్వింటాలుకు 2,369 రూపాయలు, ఏ గ్రేడుకు 2,389. ఇరవై రూపాయల కోసం ఎకరాకు నాలుగు బస్తాలు తక్కువ పండే సన్నరకం ఎవరు వేస్తారు? ఆ తేడా బయటి వ్యాపారి ఇస్తేనే వేస్తారు. తేమ 17 శాతం దాటితే కొనుగోలు కేంద్రంలో తీసుకోరు కాబట్టి, వానలో కోసిన రైతుకు కళ్లం, టార్పాలిన్, ఎండ కూడా రకంతో పాటు లెక్కలోకి వస్తాయి.

అన్నం వండి చూసే రోజు గురించి ఇష్టంగా రాస్తున్నాను. కోసిన వెంటనే వండుదామని మేం అంటే ఊడ్పు ముఠా అక్క, ఆమె అత్తగారు ఒప్పుకోలేదు. "కొత్త బియ్యం ఏదైనా ముద్దే అవుతుంది, సంక్రాంతి పోనివ్వండి" అన్నారు. వాళ్లది శాస్త్రం కూడా. నిలవ ఉన్న బియ్యమే పొడిగా, విడివిడిగా ఉడుకుతుంది. సంక్రాంతి వెళ్లి ఇంకొన్నాళ్లు ఆగి, ఒకే కొలత బియ్యం, ఒకే రకం గిన్నెలు, కట్టెల పొయ్యిలు పెట్టి వండారు. ఎసరు ఎంత పట్టింది, ఎంతసేపు ఉడికింది, ఒక గిద్ద బియ్యం ఎంత అన్నమైంది, అన్నీ వాళ్లే చెప్పారు, నేను రాశాను. రంగులు తెలియకుండా గిన్నెలు మార్చి, పప్పుచారు, గోంగూర పచ్చడితో వడ్డించారు. ఒక గిన్నె నుంచి కొంత తీసి గంజిలో వేసి మర్నాటికి ఉంచారు. పొద్దున చద్దన్నం తినడానికి మగవాళ్లు మళ్లీ వచ్చారు.

వేడివేడిగా తిన్నప్పుడు మూడు రకాలు దాదాపు సమానంగా నిలిచాయి. చద్దికి వచ్చేసరికి ఒకటి గట్టిపడి గొంతు దిగలేదు. అది ఎరుపు. పొద్దున్నే చేలోకి వెళ్లే మనిషి కడుపు నింపేది చద్దన్నమే కాబట్టి ఇది చిన్న విషయం కాదు. నీలం, ఊదా రెండూ మెత్తగా, పుల్లగా బాగున్నాయన్నారు. పసుపు ఫర్వాలేదు, ఎసరు కొంచెం ఎక్కువ పట్టించాలన్నారు. మగవాళ్లలో ఇద్దరు ముగ్గురు, "తిండికి ఒకటి, అమ్మకానికి ఒకటి వేసుకుందాం" అన్నారు. ఎకరం కౌలుదారు అక్క వెంటనే, "నాకున్న ఎకరంలో రెండు రకాలు ఎక్కడ వేయను?" అని అడిగింది. దానికి ఎవరూ జవాబు చెప్పలేదు. నా దగ్గరా లేదు.

చివరి సమావేశానికి అరుగు, పేట రెండు చోట్ల వాళ్లనూ ఒకే చోట, బడి ఆవరణలో కూర్చోబెట్టాం. దిగుబడి అంకెలు, మొలక లెక్క, మిల్లు ధర, వంట మార్కులు ఒకే పెద్ద కాగితం మీద రాసి, అప్పుడే రంగుల వెనక ఉన్న పేర్లు చెప్పాం. ఊదా స్వర్ణ కుటుంబమే అనగానే, దాన్ని దూరం పెట్టిన వాళ్లలో కొందరు మళ్లీ చేతిలోకి తీసుకుని చూశారు. ఒక్క రకం గెలవలేదు. మెరక చేలవాళ్లు స్వర్ణతోనే ఉంటామన్నారు. కౌలు బస్తాలు కొలవడానికి, తిండికి అదే తమకు నిశ్చింత. వరసగా మునిగే చేలవాళ్లు స్వర్ణ సబ్1 అడిగారు, అయితే యజమానికి ముందే చూపించి ఒప్పించాలన్నారు. నిలవ నీటి చేలకు పసుపు కావాలన్నారు. గడ్డి కోసం తెలుపును గట్టు వారగా పది సెంట్లలో వేసుకుంటామని ఆడవాళ్లు పట్టుబట్టారు, అదీ జరిగింది. పెద్ద మడిలో మొదట నిలిచిన ఎరుపును అడిగిన వాళ్లు తక్కువ. ఒకాయనకు మాత్రం కాలువకు ఆనుకుని మంచి మురుగు ఉన్న మెరక ఉంది, కోత యంత్రం తమ్ముడిదే. వాన రాకముందే కోసుకోగలను అని ధీమాగా తీసుకున్నారు. ఆయన లెక్క ఆయనకు సరైనదే.

విడుదల కాని రకాలను అమ్మకూడదు, పంచకూడదు అన్న నియమం ముందే చెప్పాం, అవి తిరిగి పరిశోధన కేంద్రానికి వెళ్లాయి, రైతుల అభిప్రాయాలతో సహా. విడుదలైన రకాల విత్తనాన్ని మాత్రం రైతులు తామే కట్టుకున్నారు. రైతు తన పంట విత్తనాన్ని దాచుకోవడానికి, ఇచ్చిపుచ్చుకోవడానికి, బ్రాండు వేయకుండా అమ్ముకోవడానికి 2001 నాటి మొక్కల రకాల పరిరక్షణ, రైతుల హక్కుల చట్టం హక్కు ఇచ్చింది. ఆ సంగతి చాలామందికి తెలియదు. విత్తన మడిలో పూత దశలో ఒకసారి, కోతకు ముందు ఒకసారి బెరుకులు, అంటే కలిసిపోయిన వేరే రకం మొక్కలు, ఎలా ఏరాలో ముఠా ఆడవాళ్లే తర్వాత పక్క ఊళ్లలో నేర్పారు. ఆ పనికి వాళ్లకు కూలి ఇవ్వాలని కూడా ఆ సమావేశంలోనే తీర్మానం జరిగింది.

తర్వాతి పని దాళ్వాది. చేల పక్కన చేపల, రొయ్యల చెరువులు పెరిగి, కాలువ నీళ్లు చాలని నెలల్లో నేల ఉప్పెక్కుతోందని చాలామంది చెప్పారు. మొదటి రోజు మురుగు కాలువ గురించి అడిగిన పెద్దాయనే చెరువు పక్కనున్న తన అరెకరం పరీక్షకు ఇస్తానన్నారు. కేరళ పొక్కాలి వరి నుంచి వచ్చిన ఉప్పు తట్టుకునే గుణం ఉన్న రకాలతో పాటు, తాము వేసే దాళ్వా రకాన్నీ పక్కనే పెట్టాలని రైతుల షరతు. ఆకుమడి పోసే రోజు నుంచే చేలో, కాలువలో, చెరువు గట్టు దగ్గర నీటి ఉప్పు కొలిచి రాయాలని ఊడ్పు ముఠా అక్క ఒక నోటు పుస్తకం అడిగి తీసుకుంది. దాళ్వా విత్తనం డిసెంబరు మొదటి పక్షంలో చేతికి వస్తేనే ఆకుమడి వేళకు పడుతుంది. ఆ సంగతి రాసి పరిశోధన కేంద్రానికి ఉత్తరం ఇప్పటికే పంపాం.